పైకప్పు మీది నల్లబంతి

తవిటినాయుడు మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. అడిగినవాళ్లు ఆయన వెనకాల నడవాలి. ఆ నడక ఒక్కోసారి సందు చివరి టీ బడ్డీ దగ్గర ఆగిపోతుంది, ఒక్కోసారి ఊరవతల తేలుతుంది. తిరిగి వచ్చేసరికి జవాబు దొరికినవాళ్లు ఉన్నారు, కాళ్ల నొప్పులు తప్ప ఇంకేమీ దొరకనివాళ్లూ ఉన్నారు. అయినా విశాఖపట్నంలో పూల్ ఆట శ్రద్ధగా నేర్చుకోవాలనుకునేవాళ్లు చేపలరేవు దారిలో, ఐసు ఫ్యాక్టరీ మేడమీద ఉన్న ఆయన హాలుకే వస్తారు. కింద ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు, పైన బంతికి బంతి తగిలే చప్పుడు. కొత్తగా వచ్చినవాళ్లకు కొన్నాళ్లదాకా ఏది ఎక్కడిదో తెలియదు.

ఆ హాలులో తప్పులు పట్టే రిఫరీ ఎప్పుడూ లేడు. బంతికి చెయ్యి తగిలినా, చొక్కా అంచు తగిలినా, తగిలించుకున్నవాడే ఎడమచెయ్యి పైకెత్తి "తప్పు నాది" అనాలి. ఎడమచెయ్యెత్తి చెప్పిన మాట అక్కడ అబద్ధం కాదు. ఎవరూ చూడలేదు కదా అని మెల్లగా జారుకున్నవాణ్ణి మాస్టారు పల్లెత్తు మాట అనరు. మర్నాడు వాడు కర్ర కొసకు రాసుకోబోతే చాక్ ముక్క మాత్రం కనిపించదు. ఇంకొక ఆచారం కూడా ఉంది. మధ్యలో ఆగిపోయిన ఆటను చెరిపెయ్యకూడదు. బంతులు ఎక్కడివక్కడ ఉంచి, పైన వెదురు చట్రం పెట్టి, తెల్లబట్ట కప్పుతారు. మళ్లీ వచ్చినప్పుడు, ఎవరి వంతు దగ్గర ఆట ఆగిందో వాళ్లే ఆ బట్ట తీసి మొదలుపెట్టాలి. ఉన్నవి రెండే టేబుళ్లు. అందులో ఒకటి రోజుల తరబడి బట్ట కప్పుకుని పడుకుంటే హాలు గిట్టుబాటు ఎలా అవుతుందని ఎవరైనా అడగబోతే, మాస్టారి చూపు చెప్పుల వైపు పోయేది. దాంతో అడగబోయినవాడు చల్లగా తగ్గేవాడు.

నూకరత్నం ఆ హాలులో పెరిగిన పిల్ల. తండ్రి గవరయ్య వేలు పట్టుకుని ఆ మెట్లెక్కింది, స్టూలు వేసుకుని మొదటి బంతి కొట్టింది. చదువు పూర్తయి, జిల్లాలో మంచి ఆటగత్తె అనిపించుకున్నాక కూడా ఆమెను ఒక జబ్బు వదలలేదు. మిగతా బంతులన్నీ హాయిగా వేసుకుంటూ వచ్చి, చివరి నల్లబంతి దగ్గర వణికిపోతుంది. ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట. ఇద్దరిలో ఒకరికి చారల బంతులు, ఇంకొకరికి నిండురంగు బంతులు. ఎవరివి వాళ్లు తెల్లబంతితో కొట్టి పాకెట్లలో వేసుకున్నాక, అన్నిటికన్నా చివర నల్లబంతిని ఎవరు వేస్తే వాళ్లది గెలుపు. ఆ ఏడు జిల్లా పోటీల ఆఖరి ఆటలో నల్లబంతి పాకెట్ అంచున, ఊదితే పడేలా కూర్చుని ఉంది. రత్నం వంగింది. చెయ్యి వణికింది. నల్లబంతి అంచుకు కొట్టుకుని, కాస్త ఊగి, అక్కడే నిలిచిపోయింది. ఎదుటి అమ్మాయి వచ్చి నవ్వుతూ వేసుకుపోయింది.

మర్నాడు రత్నం మేడ మెట్లెక్కి మాస్టారి ముందు నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

"గురువుగారూ, చెయ్యి వణక్కుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది. "ఊపిరి బిగబట్టాను, వదిలాను. అంకెలు లెక్కపెట్టాను. చుట్టూ ఎవరూ లేరు, ఇక్కడే ఒక్కదాన్నే ఆడుకుంటున్నాననుకున్నాను. ఏదీ పనిచెయ్యలేదు. రెండో స్థానం వచ్చిందని రాష్ట్ర పోటీలకి పంపుతున్నారు, అవీ దగ్గర పడిపోయాయి. అక్కడ కూడా ఇలాగే అయితే నేనింక నాన్నకి మొహం చూపించలేను."

మాస్టారు చేతిలోని బ్రష్‌తో టేబుల్ మీది దుమ్ము తుడుస్తూనే, "నల్లబంతి కాడ వంగినప్పుడు నీకేటి కనిపించినాది?" అన్నారు.

రత్నం "నాన్న మంచం," అంది.

మాస్టారు బ్రష్ పక్కన పెట్టి చెప్పులు వేసుకున్నారు. "ఈసారి దూరం లేదులే. మీ ఇంటికే," అన్నారు.

గవరయ్య ఓడరేవులో క్రేను నడిపి రిటైరయిన మనిషి. అంతెత్తున కూర్చుని, టన్నుల బరువున్న పెట్టెను కిందివాళ్ల కాలిమీద దుమ్మయినా లేవకుండా దించేవాడని చెప్పుకునేవారు. ఆ చేత్తోనే సాయంత్రాలు పూల్ ఆడేవాడు. మాస్టారికీ ఆయనకీ పెళ్లిళ్లు కాకముందు నుంచీ జోడీ. ఒకరినొకరు ఎన్నిసార్లు ఓడించుకున్నారో ఇద్దరికీ గుర్తులేదు గాని, ఎవరు ఎక్కువసార్లు ఓడించారన్న తగువు మాత్రం ఎప్పుడూ తెగలేదు. అలాంటి మనిషికి పోయిన వేసవిలో పక్షవాతం వచ్చింది. ఎడమ పక్కంతా పడిపోయింది, కాళ్లు రెండూ పోయాయి. కుడిచెయ్యి ఉందన్న పేరేగాని, పక్కమీద ఎక్కడ పెడితే అక్కడే ఉండిపోయేది. మాట ముద్దముద్దగా, నెమ్మదిగా వచ్చేది. ఈమధ్య గుండె కూడా బాగా బలహీనపడిందని డాక్టరు తల్లీకూతుళ్లను బయటికి పిలిచి, ఇంట్లో శుభకార్యాలేమైనా ఉంటే ముందుకు జరుపుకోండని చెప్పాడు. ఆ మాటకు అర్థం ఏమిటో అందరికీ తెలుసు. ముందుకు జరుపుకోవడానికి రత్నానికి పెళ్లి కుదరలేదు, ఏదీ లేదు. ఉన్నది ఆ రాష్ట్ర పోటీ ఒక్కటే, అదేమో జరిపితే జరిగేది కాదు. ఆలోగా నాన్న పోకూడదు, కప్పు గెలిచి ఆ కుడిచేతిలో పెట్టాలి, అని ఆ పిల్ల మనసులో గట్టిగా పట్టుకుంది. గవరయ్య ఏనాడూ కప్పు మాట ఎత్తలేదు. అడిగినదీ ఒప్పుకున్నదీ అంతా రత్నమే.

మాస్టారు ఆ ఇంటికి రావడం తగ్గించి చాలాకాలమైంది. జోడీదారుణ్ణి మంచం మీద చూడలేక అని రత్నం తల్లి అప్పలకొండ సరిపెట్టుకుంది. ఆవేళ గుమ్మంలో ఆయన్ని చూసి ఆవిడ గబగబా కుర్చీ తెచ్చి వేసింది. మాస్టారు కూర్చోలేదు. మంచం పక్కన నిలబడి చూశారు. గవరయ్య వెల్లకిలా పడుకుని పైకప్పు వైపు చూస్తున్నాడు. ఏడాది నుంచీ అంతే. ఆ చూపు చూడలేక రత్నం ఎదురుగా టీవీ పెట్టించింది, గోడకు అమ్మవారి కాలెండరు తగిలించింది. ఆయన చూపు దేనిమీదికీ దిగలేదు. పైకప్పులో నాన్నకి తన చావే కనిపిస్తోందేమోనని ఆమెకు లోలోపల భయం.

"గవరయ్యా, ఏటి చూస్తన్నావు?" అన్నారు మాస్టారు.

"టేబులు," అన్నాడు గవరయ్య.

మాస్టారు కూడా తలెత్తి చూశారు. పొడవుపాటి గది. సున్నం పెచ్చులు ఊడిన పైకప్పు.

"నాలుగు మూలలా నాలుగు పాకెట్లు," గవరయ్య ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ చెప్పాడు. "ఆ కిటికీ మీదొకటి, ఈ గుమ్మం మీదొకటి. ఏడాదై ఒక్కణ్ణే ఆడతన్నాను. రెండు పక్కలా నేనే. ఎవుడు గెలిచినా ఇసుగే."

"మరి మధ్యన ఆ ఫ్యాను?"

"ఫ్యాను కాడ బంతి ఉండకూడదు. అదీ రూలు."

రత్నం ఏడాదిగా తల దువ్వుతోంది, ఒళ్లు తుడుస్తోంది, పక్క మారుస్తోంది. పైన ఏం చూస్తున్నావు నాన్నా అని ఒక్కనాడు అడగాలని ఆమెకు తోచలేదు. తోచినవాడు గుమ్మంలోకి వచ్చీ రాగానే అడిగేశాడు.

మాస్టారు పై కండువా తీసి కుర్చీ మీద వేశారు. మూలనున్న చాప తెచ్చి మంచం పక్కన పరుచుకుని, ముసలి మోకాళ్లను తిట్టుకుంటూ తానూ వెల్లకిలా పడుకున్నారు. "బ్రేక్ ఎవరిది?" అన్నారు. "వచ్చినోడిది," అన్నాడు గవరయ్య. మొదటి దెబ్బ మాస్టారు కొట్టారు, ఆట మొదలైంది. ఒకరు మంచం మీద, ఒకరు నేల మీద, ఇద్దరి కళ్లూ పైకప్పు మీద. పచ్చబంతిని కిటికీ పాకెట్లో వేశానంటాడు ఒకడు. తెల్లబంతి ఎక్కడ ఆగిందో చెప్పమంటాడు ఇంకొకడు. అంత మెల్లగా కొడితే అంత దూరం ఎలా వస్తుందని తగువు, నీ చెయ్యి సంగతి నాకు తెలీదా అని ఎత్తిపొడుపు. టీ తెచ్చిన అప్పలకొండ నేల మీద మాస్టారు పడి ఉండటం చూసి, ఆయనకూ ఏదో అయిపోయిందనుకుని కేకపెట్టబోయింది. "అరవకమ్మా, గురి చెడిపోద్ది," అన్నారు మాస్టారు కదలకుండా. ఏడాది తరువాత ఆ గదిలో గవరయ్య నవ్వు వినిపించింది. ఆవిడ టీ గ్లాసులు కింద పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

చివరికి ఇద్దరికీ నల్లబంతే మిగిలింది. పైకప్పు మూలకు జానెడు ఇవతల, వాననీళ్లు కారి ఏర్పడిన గుండ్రటి మరక ఒకటి ఉంది. నల్లబంతి అక్కడుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. వంతు గవరయ్యది. ఆయన ఆ మరక మీదే చూపు నిలిపాడు. ఊపిరి వడివడిగా ఆడసాగింది. మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది. రత్నం కంగారుగా లేచి మందుకోసం వెళ్లబోయి, దుప్పటి మీది కుడిచెయ్యి చూసి ఆగిపోయింది. ఏడాదిగా కదలని ఆ చేతి వేళ్లు వణుకుతున్నాయి. చాప మీంచి మాస్టారు, ఉండమన్నట్టు ఆమె వైపు చెయ్యి చూపారు.

"తప్పిపోనాది," అన్నాడు గవరయ్య.

రత్నం తట్టుకోలేకపోయింది. "ఏంటి నాన్నా! ఊరికే అనుకునే ఆట కదా. పడిందనుకో! ఎవరు చూశారు?"

"పడలేదమ్మా. అంచుకి కొట్టుకుని ఆగిపోనాది. పడందాన్ని పడిందని ఎలగనుకుంటాను?" అన్నాడు. ఓడినవాడి మొహం కాదది. కళ్లు మెరుస్తున్నాయి. "రత్నం, చూసినావా? చెయ్యి వణికినాది. చచ్చిపోయిన చెయ్యనుకున్నాను. నల్లబంతి కాడికొచ్చేసరికి వణికినాది. ఎన్నాళ్లయినాదే అమ్మా, ఇలగ వణికి!" అంటూ నవ్వాడు. కన్నీళ్లు రెండు పక్కలా చెవుల్లోకి కారిపోయాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. రత్నమే తుడిచింది. ఆయన సంతోషం దేనికో మాత్రం ఆమెకు అందలేదు. తనను నలుగురిలో తలవంచుకునేలా చేసిన వణుకును నాన్న కొండెక్కి వరం దక్కించుకున్నవాడిలా చెబుతుంటే వింతగా ఉంది.

వంతు మాస్టారిది. ఆయన కొంచెం ఆగి, "నాకూ తప్పిపోనాది. నల్లబంతి తిరిగి ఆ మరక మీదికే వచ్చినాది. తెల్లబంతి ఆ దోమతెర కొక్కెం కాడ ఆగినాది," అన్నారు.

"నాయుడూ, ఆ బంతి నువ్వు తప్పుతావా?" గవరయ్య గొంతులో అనుమానం. "ఎడమచెయ్యెత్తి చెప్పు."

నేల మీంచి మాస్టారి ఎడమచెయ్యి నిటారుగా లేచింది. "తప్పు నాది," అన్నారు. ఆయన నిజంగా తప్పారో, తప్పించారో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఆ హాలు ఆచారం ప్రకారం అది నిజమే అయి ఉండాలి.

"అయితే వంతు నాది," అన్నాడు గవరయ్య తృప్తిగా. "అలిసిపోనాను. రేపు కొడతాను." మాస్టారు మంచంకోడు పట్టుకుని లేచి, పైకప్పుకి బట్ట ఎలా కప్పాలో తోచక కాసేపు చూసి, ఆట అయ్యేదాకా ఈ గదిలో బూజు దులపొద్దని అప్పలకొండకు చెప్పి బయల్దేరారు. వీధి గుమ్మం దాకా సాగనంపిన రత్నం, "మరి నేనడిగింది, గురువుగారూ?" అంది. మాస్టారు చెప్పులు వేసుకుని, "రేపు పెందలాడే ప్రాక్టీసుకి రా," అని వెళ్లిపోయారు. ఆమెకు కోపం కూడా వచ్చింది. గెలవడం ఎలాగో చెప్పమంటే ఓడిపోవడం చూపించి పోయాడేమిటీ ముసలాయన అనుకుంది.

ఆ రేపు రాలేదు. రోజూ పొద్దున్నే మొహం తుడుస్తూ, "ఇవాళ కొడతావా నాన్నా?" అని రత్నం అడిగేది. "తొందరేటి? వంతు నాదే కదా. ఇంకా గురి కుదర్లేదు," అనేవాడు గవరయ్య. వంతు అలా దాచుకుని, పగలంతా ఆ మరక వైపే చూస్తూ ఉండేవాడు. ఆ రోజుల్లో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడని అప్పలకొండ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఒకసారి, "నా ఆట కాదు గానీ, నీది చెప్పు. నల్లబంతి కాడ బాగా వణుకుద్దా?" అని కూతుర్ని అడిగాడు. "బాగా," అంది రత్నం సిగ్గుతో. "బాగుందే అయితే," అన్నాడు.  ఆమె మనసు రోజులు లెక్కపెట్టుకోవడంలో ఉంది. ఇంక కొంచెం. ఇంక కొంచెం ఆగు నాన్నా, కప్పు తెస్తాను.

ఆయన ఆగలేదు. ఒక తెల్లవారుజామున పాలవాడు తలుపు కొడుతుంటే లేచిన అప్పలకొండ, మంచం దగ్గరికి వెళ్లి, రత్నాన్ని పేరు పెట్టి ఒక్క కేక వేసింది. గవరయ్య కళ్లు తెరిచే ఉన్నాయి. చూపు ఆ మూలనే ఉంది. తల్లి మీదపడి ఏడుస్తోంటే, రత్నానికి ముందు కలిగిన ఆలోచన చెబితే ఎవరైనా నవ్వుతారు. కొట్టాడా? కొట్టకుండానే పోయాడా? ఆమె వంగి ఆ కుడిచేతి వేళ్లను చూసింది. చల్లగా, సర్దిపెట్టినట్టు ఉన్నాయి. పైకి చూసింది. మరక ఉన్నచోటే ఉంది. అప్పుడు ఆ పిల్లకు దుఃఖం వచ్చింది.

మాస్టారు అంత్యక్రియల్లో పాడె పట్టారు.  పదకొండో రోజు భోజనాలయ్యాక, ఆ గదిలోకి వెళ్లి, బూజుకర్ర అడిగి తీసుకుని, మూల నుంచి మరకకు ఎంత, మరక నుంచి కొక్కేనికి ఎంత అని ఆ కర్రతో పైకప్పును కొలుచుకున్నారు. పెద్దాయనకు బుర్ర కలత పడిందని బంధువులు గుసగుసలాడుకున్నారు. రత్నం గుమ్మంలో నిలబడి చూసింది. అడగలేదు.

తరువాతి వారమే రాజమండ్రిలో రాష్ట్ర పోటీలు. వెళ్లనంది రత్నం. ఎవరికి తెచ్చివ్వాలని వెళ్లాలి? "మంచం మీంచి చెప్పి మరీ నీ పేరు రాయించింది మీ నాన్నే. ఎల్లిరామ్మా. ఇంట్లో కూకుంటే ఆ మంచమే కనిపిస్తాది," అంది తల్లి. ఆమె వెళ్లింది. పద్ధతి ప్రకారం ఆడింది. మొదటి ఆట గెలిచింది, రెండోది గెలిచింది, అలా ఆఖరి ఆట దాకా వచ్చేసింది. చూసినవాళ్లు ముక్కుమీద వేలేసుకున్నారు. జిల్లా పోటీల్లో కాళ్లూ చేతులూ ఆడని పిల్ల ఈమేనా అన్నారు. ఎదుటి అమ్మాయి అరచేతులు చెమటపట్టి, మాటిమాటికీ రుమాలుతో తుడుచుకుంటూంటే, రత్నం కర్ర నేలకానించి, ఎవరి పెళ్లికో వచ్చి కూర్చున్న దూరపు చుట్టంలా చూస్తూ ఉంది. ఆఖరి నల్లబంతి కష్టమైన చోటే ఉంది, టేబుల్ ఆ చివర, అంచుగట్టు వారగా. ఆమె వంగింది. మంచం కనిపించలేదు. నాన్న కనిపించలేదు. ఏమీ కనిపించలేదు. చెయ్యి కొయ్యలా ఉంది. కొట్టింది. నల్లబంతి గట్టు వారనే దొర్లుకుంటూ పోయి పాకెట్లో పడింది.

చప్పట్లు కొట్టారు. కప్పు ఇచ్చారు. ఎవరో పెద్దాయన, ఇంత నిబ్బరం ఎలా సాధించావమ్మా, మా పిల్లలకు కూడా చెప్పు అన్నాడు. రత్నం ఆయన వైపు వెర్రిగా చూసి నమస్కారం పెట్టింది. తిరుగు రైల్లో కప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తను ఏళ్ల తరబడి కోరుకున్నది ఇదే కదా, చెయ్యి వణక్కపోవడం. దొరికింది. దొరికినందుకు సంతోషం రాలేదు సరే, నాన్న లేడని ఏడుపు కూడా రాలేదు. తుని దాటాక ఆ సంగతి ఆమెకు తెలిసివచ్చి, ఒళ్లంతా భయం పట్టుకుంది. తండ్రితోబాటు తనూ పోయిందేమో, ఇంటికి వెళుతున్నది ఈ కర్రా కప్పూ మాత్రమేనేమో అనిపించింది.

స్టేషన్ నుంచి ఇంటికి పోలేదు. నేరుగా ఐసు ఫ్యాక్టరీ మేడ ఎక్కింది. హాలులో మాస్టారు ఒక్కరే ఉన్నారు. ఒక టేబుల్ ఖాళీగా ఉంది. రెండోదాని మీద వెదురు చట్రం, తెల్లబట్ట.

"గెలిచాను, గురువుగారూ."

"తెలిసినాదమ్మా," అన్నారు మాస్టారు. కప్పు వైపు చూడలేదు.

"చెయ్యి వణకలేదు. నల్లబంతి దగ్గర కూడా వణకలేదు."

"మరెలాగున్నాది?"

రత్నం చెప్పడానికి వెతుక్కుంది. "ఎలాగూ లేదు," అంది చివరికి. "బంతి బంతిలా లేదు. ఆట ఆటలా లేదు. ఎప్పుడైపోతుందా అని ఆడాను. ఎవరో ఆడుతుంటే చూసినట్టుంది." కప్పు ఖాళీ టేబుల్ మీద పెట్టి, "నేను అడిగింది దీన్నేనా, గురువుగారూ? ఇలా ఉంటుందనుకోలేదు," అంది.

మాస్టారు లేచారు. ఆయన చెప్పుల వైపు వెళ్తారని రత్నం పక్కకు తప్పుకుంది. ఆయన అటు వెళ్లలేదు. బట్ట కప్పిన టేబుల్ దగ్గరికి నడిచారు.

"ఆగిన ఆటొకటి ఉండిపోనాది," అన్నారు. "తియ్యి."

"వంతు ఎవరిది?" అంది రత్నం. వంతు ఎవరిదో వాళ్లే బట్ట తియ్యాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"మీ నాన్నది."

ఆమె బట్ట పట్టుకుని చాలాసేపు నిలబడింది. తరువాత తీసింది, చట్రం పక్కన పెట్టింది. అంత పెద్ద టేబుల్ మీద రెండే బంతులు. మూలకు కొంచెం ఇవతల నల్లబంతి. అటు చివర ఒంటరిగా తెల్లబంతి. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మరక, కొక్కెం. నాన్న రోజుల తరబడి గురి చూసి, దాచుకుని, కొట్టకుండా వెళ్లిపోయిన బంతి. మాస్టారు గోడ దగ్గరి స్టాండులోంచి గవరయ్య కర్ర తీసి, కొసకు చాక్ రాసి, ఆమె చేతికిచ్చారు. పట్టుకునేచోట ఆయన అరచెయ్యి రాసుకుని రాసుకుని నునుపెక్కిన కర్ర. రత్నం వేళ్లు ఆ నునుపు మీద పడ్డాయి.

వంగింది. తెల్లబంతి, దాని వెనక నల్లబంతి, దాని వెనక మంచం, మంచం మీద వెల్లకిలా ఆ మనిషి, చెవుల్లోకి కారే కన్నీళ్లు, ఎన్నాళ్లయినాదే అమ్మా అన్న ఆ ముద్దమాట. మణికట్టు దగ్గర మొదలైంది. మోచేతికి పాకింది. భుజం దాకా వచ్చేసింది. కర్ర కొస తెల్లబంతి ముందు నిలవలేక అటూ ఇటూ కొట్టుకుంటోంది. రత్నం బంతిని చూద్దామంటే కళ్లనిండా నీళ్లు. రాజమండ్రిలో రానిది, రైల్లో రానిది, ఇప్పుడు ఆగడం లేదు.

"గురువుగారూ," అంది వెక్కుతూ, టేబుల్ మీంచి లేవకుండానే. "వణుకుతోంది. చూడండి, ఎలా వణుకుతోందో."

మాస్టారు చూశారు. ఆయన కళ్లు కూడా తడిశాయి.

"ఆ," అన్నారు. "ఇప్పుడు కొట్టమ్మా."